చేజారిన గెలుపు, చేజేతులా ఓటమి

చదరంగం రాజుల ఆట యని కొందరును, సోమరుల ఆట యని మరికొందరును అందురు. మా కళాశాలలో ఈ రెండవ పక్షం వారే అధికం. ఉర్దూ విభాగపు మిత్రులతో ఈ మాట కదిపినపుడెల్ల వారు ప్రేమ్‌చంద్ కథను జ్ఞాపకం చేయుదురు. 1856లో అవధ్ రాజ్యం చేజారిపోవుచుండగా లక్నో ప్రభువులిద్దరు బల్ల ముందు నుండి కదలక, తుదకు ఆటలోని తగవుతోనే ఒకరినొకరు పొడుచుకొని మరణించిన కథ అది. సత్యజిత్ రాయ్ దానిని 1977లో చలనచిత్రంగా తీసినాడు. కథ గొప్పదే. కాని ఆ ప్రభువుల దోషం చదరంగం ఆడుట కాదు, ఆట నుండి ఏమియు నేర్వకపోవుట యని మా అభిప్రాయం. ఆడి ఓడిన ఆటను తిరిగి పరచుకొని, ఎక్కడ చెడినదో వెదకుకొనువానికి ఈ ఆట గురువు వంటిది. ఈ విషయమును ఒక ఆటను ఆధారంగా గైకొని విద్యార్థి సోదర సోదరీమణులకును, కళాశాల కార్యవర్గం వారికిని విన్నవింపదలచినాము.

ఆ ఆట 2024 డిసెంబరు 12వ తేదీన సింగపూరులో జరిగినది. ప్రపంచ విజేత, చైనా దేశీయుడు డింగ్ లిరెన్ తెల్లపావులతోను, చెన్నైలో తెలుగు కుటుంబంలో 2006లో జన్మించిన దొమ్మరాజు గుకేశ్ నల్లపావులతోను ఆడినారు. అది పదునాలుగవ ఆట, చిట్టచివరిది. అప్పటికి ఇద్దరికిని సరిగా ఆరున్నర పాయింట్లు. గుకేశ్ గెలిచి, పదునెనిమిదేండ్ల వయస్సులో ప్రపంచ విజేత యైనాడు. అంతకు ముందు అంత చిన్న వయస్సున నిర్వివాదంగా ఆ పదవి నందినవాడు 1985లో ఇరువదిరెండేండ్ల కాస్పరోవ్. గెలుపు వార్త రాగానే తెలుగువారు మావాడనిరి, తమిళులు మావాడనిరి. మూడు రాష్ట్రముల పొలిమేరలు కలియు కుప్పం నుండి వచ్చు మా విద్యార్థులు ఇండ్లలోనే రెండు పక్షాలుగా చీలి వాదించుకొన్నారట. ఆ వాదం వారికే వదలుదము. మాకు కావలసినది ఆట.

ముందుగా పేర్లను గూర్చి ఒక మాట. మా చదరంగపు గదిలో సగము తగవులు పేర్ల వలననే వచ్చుచున్నవి. తెలుగు ఇండ్లలో మూలన నిలిచి తిన్నగా సాగు పావును ఏనుగు అందుము. ఐమూలగా సాగు పావును శకటు అందుము. ఉర్దూ మిత్రుల పాత శత్రంజ్‌లో మూలనున్నది 'రుఖ్', ఏనుగు అను అర్థం గల 'ఫీల్' నిలుచునది నేటి శకటు చోట. కనుక ఒకరు ఏనుగు నెత్తుమనగా మరొకరు శకటు నెత్తుట మా గదిలో నిత్యం జరుగు వినోదం. ఈ వ్యాసమందు తెలుగు ఇండ్ల వాడుకనే పాటించినాము. నిలువు వరుసలకు ఏ నుండి హెచ్ వరకు అక్షరములు, అడ్డు వరుసలకు 1 నుండి 8 వరకు అంకెలు. బల్ల ముందుంచుకొని చదువుడని ప్రార్థన. లేనిచో మా మాటలు గాలిలో ముగ్గు వలె ఉండును.

డింగ్ తెల్లపావులతో ఆడుచున్నను గెలుపు కొరకు గట్టిగా యత్నింపలేదు. డ్రా యైనచో మరునాడు తక్కువ గడువుతో ఆడు వేగపు ఆటలు గలవు; వాటియందు అతడు మేటి యని పలువురి అంచనా. 29వ ఎత్తున అతడు తన బి వరుస బంటును కోరి వదలుకొని మంత్రులను మార్చుకొన్నాడు. 31, 32 ఎత్తులలో ఒక జత ఏనుగులు కూడ పోయినవి. ఇక మిగిలినవి ఇరుపక్షములకు ఒక్కొక్క ఏనుగు, ఒక్కొక్క శకటు. తెలుపునకు రెండు బంట్లు, నలుపునకు మూడు. బంట్లన్నియు బల్లకు ఒకే ప్రక్కన ఉన్నవి. ఇట్టి ముగింపులో ఒక బంటు తక్కువైనను తెలుపు నిలద్రొక్కుకొనగలదని పుస్తకములు చెప్పును. పుస్తకముల మాట నిజమే. కాని పుస్తకమునకు అలసట లేదు. ఐదవ గంట లేదు. గడియారం లేదు.

గుకేశ్ ఆ ఒక్క బంటును పట్టుకొని విడువలేదు. లోకమంతయు డ్రా యని తీర్మానించిన స్థితిలో ఇరువదికి పైగా ఎత్తులు ఓపికగా ఆడినాడు. 45, 46 ఎత్తులలో ఇంకొక జత బంట్లు పోయి, తెలుపునకు జి3లో ఒక్క బంటు, నలుపునకు ఎఫ్5, జి4లలో రెండు బంట్లు మిగిలినవి.

ఇక్కడ మేము 53వ ఎత్తు వద్ద ఆగుదుము. అందరు 55వ ఎత్తును గూర్చియే వ్రాసిరి. మా దృష్టిలో ఓటమికి విత్తనం 53లోనే పడినది. 44వ ఎత్తు నుండి బి7లో సుఖంగా నున్న తెల్ల శకటును డింగ్ ఆ ఎత్తున ఏ8కు, అనగా బల్ల మూలకు నడిపినాడు. దాని వలన వెంటనే నష్టం లేదు; ఆ ఎత్తుతో ఆట ఇంకను సమానమే. కాని మూలనున్న శకటునకు దారి ఒక్కటే. బి7లో నున్నపుడు అది ఏ6కు పోగలదు, సి8కు పోగలదు, పొడుగు దారిలో పోగలదు. ఏ8లో నున్నపుడు ఆ పొడుగు ఐమూల దారి తప్ప వేరొకటి లేదు. ఒకే వాకిలి గల ఇంటిలో కాపురమున్నవాడు వాకిట ఎవరు నిలిచియున్నారో ఎప్పటికప్పుడు చూచుకొనవలెను.

54వ ఎత్తున డింగ్ తన ఏనుగును ఎఫ్4లో ఉంచినాడు. నల్లరాజు ఈ5కు వచ్చి దానిని తాకినాడు. ఏనుగునకు జి3 బంటు అండ గలదు గనుక భయం లేదు. దానిని నాలుగవ అడ్డువరుసలోనే ఏ4 వరకు ప్రక్కకు నడిపియున్నను ఆట నిలిచెడిది. డింగ్ అట్లు చేయక ఏనుగును ఎఫ్2కు దింపి, బి2లో నున్న నల్ల ఏనుగుతో మార్పిడి కోరినాడు. గడియారంలో అతనికి మిగిలిన సమయం గుకేశ్ సమయముకంటె చాల తక్కువ. ఏనుగులు కూడ పోయినచో శకట్లు మాత్రమే మిగులును, ఆట త్వరగా డ్రా యగును అని తలచియుండును. ఆటంతయు అతని ధోరణి ఇదియే: మంత్రులు పోయినవి, ఒక జత ఏనుగులు పోయినవి, ఇవి కూడ పోనిమ్ము అని. మా అభిప్రాయంలో ఎఫ్2 అనునది కంటి పొరపాటు మాత్రమే కాదు. మొదటి నుండి వచ్చుచున్న ఒక అలవాటు తప్పు చోట ఫలించుట. త్వరగా ముగింపవలెనను కోరిక గలవానికి ప్రతి మార్పిడియు స్నేహితుని వలె కనబడును.

తరువాత జరిగినది నాలుగు వాక్యములలో చెప్పవచ్చును. ఏనుగులు మారినవి, తెల్లరాజు ఎఫ్2కు వచ్చినాడు. నల్ల శకటు ఈ6 నుండి డి5కు వచ్చి, ఈ5లోని తన రాజు అండతో ఆ పొడుగు దారికి అడ్డముగా నిలిచినది. తెల్ల శకటు ఎటు కదలినను ఆ దారిలోనే చిక్కును గనుక శకట్ల మార్పిడి తప్పలేదు. రాజులును బంట్లును మాత్రమే మిగిలి, 58వ ఎత్తున నల్లరాజు మరల ఈ5కు వచ్చి ఈ3లోని తెల్లరాజునకు ఒక్క గడి ఎడముతో ఎదురు నిలువగా, కదలవలసిన వంతు తెలుపుదైనది. ఎటు జరిగినను దారి విడువక తప్పదు గనుక డింగ్ ఓటమి నంగీకరించినాడు.

శకటు బి7లోనే ఉండియున్నచో? నల్ల శకటు డి5కు వచ్చినను అది ఏ6కో సి8కో తొలగి మార్పిడిని తప్పించుకొనెడిది. ఈ ప్రశ్నను విద్యార్థులు బల్ల మీద స్వయముగా వేసికొని చూడవలెను. మేము వారం దినములు దీనిపై కూర్చున్నాము.

ఇప్పుడు చేజారిన గెలుపు సంగతి. ఈ ఆటలో గెలుపు చేజారుట కొద్దిలో తప్పినది. డింగ్ ఎఫ్2 ఆడిన వెంటనే తనకు తప్పు కనబడలేదనియు, ఏనుగును బి3కు జరుపబోయితిననియు, అంతలో శకటు చిక్కుట కనబడినదనియు గుకేశ్ తరువాత విలేఖరులతో చెప్పినాడు. మాకు ఈ మాట ఆట అంతటికంటె విలువైనదిగా తోచినది. ఏనుగు బి3కు పోయియున్నచో ఆట మరల డ్రా వైపు సాగెడిది. ఎఫ్2 ఒక తప్పు, బి3 దానికి జవాబుగా మరొక తప్పు అయ్యెడివి. వెనుకటి రోజున, పదమూడవ ఆటలో, గుకేశ్‌కు గెలుపు అవకాశం వచ్చి జారిపోయినది కూడ. డింగ్ స్వయముగా దానిని జ్ఞాపకం చేసి, నిన్న అదృష్టవశమున బయటపడినవాడు నేడు ఓడుట న్యాయమే యన్నట్లు మాటలాడినాడు. తన తప్పు తనకు తెలిసినది బల్లను చూచి కాదు, ఎదుటివాని ముఖమందలి సంతోషమును చూచి యని కూడ అతడు దాచక చెప్పినాడు.

పదేండ్ల క్రింద, 2014 నవంబరులో సోచీ నగరమున ఇటువంటి క్షణమే విశ్వనాథన్ ఆనంద్ ముందునకు వచ్చినది. ప్రపంచ పోటీ ఆరవ ఆటలో కార్ల్‌సన్ 26వ ఎత్తున రాజును డి2కు నడిపి ఘోరమైన తప్పు చేసినాడు. నల్ల గుర్రము ఈ5లోని బంటును తిని ఆటను తారుమారు చేయగలదు. ఆనంద్ ఆ గుర్రము వంక చూడక, ముందే అనుకొన్న ప్రకారం ఏ వరుస బంటును జరిపినాడు. కార్ల్‌సన్ గెలిచినాడు, పోటీయు అతడే గెలిచినాడు. కానుక వచ్చునని ఎదురుచూడనివాడు వచ్చిన కానుకను గమనింపక పోవచ్చునని ఆనంద్ తరువాత ఒప్పుకొన్నాడు. తనకంటె గొప్పవాడు గాని, సమానుడు గాని ఆడిన ఎత్తును మనము నమ్మి ముందుకు పోవుదుము. ఆయన చూడకుండ ఆడునా యనుకొందుము. గుకేశ్ కూడ బి3 వైపు పోబోయినవాడే. ఆగినాడు. అతని విజయమంతయు ఆ ఆగుటలో ఉన్నది.

ఈ విజయమును చిన్నబుచ్చినవారు లేకపోలేదు. మాజీ విజేత క్రామ్నిక్ ఇది మనమెరిగిన చదరంగానికి అంత్యమన్నట్లు వాపోయినాడు. మా కళాశాలలో సైతం "డింగ్ ఇచ్చినాడు, గుకేశ్ తీసికొన్నాడు, ఇందులో గొప్ప యేమి?" అన్నవారు కలరు. మదనపల్లె బస్సు స్టాండు టీ అంగడిలో మేమీ మాట ఒక వారమున మూడు పర్యాయములు వింటిమి.

క్రామ్నిక్ మాటకు క్రామ్నిక్ ఆటయే జవాబు. 2006 నవంబరులో బాన్ నగరమున, తాను ప్రపంచ విజేతగా నున్నపుడు, డీప్ ఫ్రిట్జ్ అను యంత్రముతో రెండవ ఆటలో ఒక్క ఎత్తులో ఆటకట్టు కానున్నదని చూడక మంత్రిని ఈ3కు నడిపినాడు. యంత్రపు మంత్రి హెచ్7కు వచ్చి ఆట ముగించినది. ఆనాడు చదరంగం అంతరింపలేదు.

ఇంకను వెనుకకు పోవుదము. 1892లో హవానాలో స్టైనిట్జ్, చిగోరిన్‌ల మధ్య ప్రపంచ పోటీ. ఇరువదిమూడవ ఆటలో చిగోరిన్‌కు ఒక పావు ఎక్కువ. గెలిచినచో గెలుపుల లెక్క తొమ్మిదికి తొమ్మిది యగును. అతని శకటు డి6లో నిలిచి హెచ్2 గడిని కాపాడుచున్నది. నల్ల ఏనుగులు రెండును తన రెండవ వరుసలో కూర్చున్నను ఆ శకటు వలననే రాజు క్షేమం. 32వ ఎత్తున చిగోరిన్ ఆ శకటును బి4కు నడిపినాడు. స్టైనిట్జ్ ఏనుగు హెచ్2 బంటును తినగా రెండు ఎత్తులలో ఆటకట్టు. పోటీ అంతటితో ముగిసినది. హవానాలో శకటు తన కాపలా విడిచి పోయినది. సింగపూరులో శకటు మూలకు పోయి బయటికి రాలేకపోయినది. నూటముప్పదిరెండేండ్ల ఎడమున రెండు ప్రపంచ పోటీలు ఒక్కొక్క శకటు వలన తీరినవి. మాస్కోలో 1951లో బ్రాన్‌స్టీన్ ఆరవ ఆటలో డ్రా కావలసిన ముగింపున రాజును ఒక గడి తప్పు దిక్కునకు నడిపి బోత్విన్నిక్ చేతిలో ఓడినాడు. ఆ పోటీ 12–12తో ముగిసి పదవి బోత్విన్నిక్‌కే నిలిచినది. ఆ అర పాయింటు ఎంత విలువైనదో లెక్క కట్టుకొనవచ్చును.

కనుక తప్పులు నేటి కాలపు దిగజారుడు కాదు. నేటి కాలపు కొత్తదనం వేరొకటి గలదు: తప్పును గుర్తించు శ్రమ పోయినది. జేబులోని ఫోనులో ప్రపంచ విజేతలను ఓడింపగల యంత్రమున్నది. ఎఫ్2 ఆడగానే అది తక్షణం తప్పని చూపినది. బల్ల ఎదుట కూర్చున్న ఇద్దరు మహా ఆటగాండ్రకు కొన్ని క్షణములు కనబడనిది, ఫోను చూచుచున్న పిల్లవానికి కనబడినది. అందుచేత ఆ పిల్లవాడు తనను డింగ్‌కంటె తెలివైనవాడనుకొన్నాడు. యంత్రము ఏది తప్పో చెప్పును. ఎందుకు చేసినాడో చెప్పదు. 53వ ఎత్తు ఆటను చెడగొట్టలేదు గనుక దానికి యంత్రపు కొలబద్దలో పెద్ద గుర్తు పడదు. కాని మనుష్యుడు ఆ ఆటను అర్థము చేసికొనవలెనన్నచో అక్కడనే ఆగవలెను.

ఇంతవరకు సింగపూరు, సోచీ, హవానా యని దూరదేశములు తిరిగితిమి. మాకీ వ్యాసం వ్రాయవలెనని తోచినది వాటివలన కాదు. మా కళాశాల చదరంగపు గదిలో మూడు నెలల క్రింద జరిగిన దాని వలన.

అంతర కళాశాలల పోటీలో మా జట్టు చివరి ఆట ఒక మొదటి సంవత్సరపు విద్యార్థిది. కుప్పం వైపు నుండి వచ్చి ఇక్కడ వసతి గృహమున నుండువాడు. డ్రా యైనచో జట్టునకు రెండవ స్థానము. అతడు నల్లపావులతో ఒక బంటు తక్కువగా రెండు గంటలు నిలిచినాడు. తుదకు తొందరపడి ఏనుగులు మార్చుకొన్నాడు, ఓడినాడు. ఇంకను చేతులు కలుపకముందే వెనుక నున్న ఒకరు ఆ స్థితిని ఫోనులో పెట్టి, యంత్రం చూపిన గుర్తును చుట్టునున్న వారందరికి చూపినారు. నవ్వులు పుట్టినవి. మరునాటి నుండి వసతి గృహములో అతనికి ఒక మారుపేరు. అది ఇక్కడ వ్రాయము. నవ్విన వారిలో ఈ పంక్తులు వ్రాయుచున్న మేమును ఉన్నాము. అందుచేత ఈ వ్యాసమును ఉపదేశముగా గాక ఒప్పుకోలుగా భావింపవలెను. అతడు నాటి నుండి చదరంగపు గదికి రాలేదు.

పుంగనూరు నుండి రోజును బస్సులో వచ్చు మా జట్టులోని విద్యార్థిని ఒకతె ఆ ఆట ఎత్తులను తన నోటు పుస్తకములో వ్రాసియుంచినది. డిసెంబరు ఆటను గూర్చి మేము వాదించుకొనుచున్న ఒక సాయంత్రం ఆమె ఆ పుస్తకము తెచ్చి, "అన్నా, సింగపూరు ఆటకు వారం పెట్టినారు. మన ఆటకు ఒక గంట పెట్టరాదా?" అని అడిగినది. పెట్టితిమి. ఫోనులు మూసి పెట్టితిమి. ఏనుగుల మార్పిడి తప్పే, సందేహము లేదు. కాని దానికి పది ఎత్తుల ముందు ఎదుటి కళాశాల ఆటగాడు గెలుపును మూడుసార్లు వదలినాడు, మూడుసార్లు మావాడు ఒక్కటే ఒక్క సరియైన ఎత్తు వెదకి ఆడినాడు. ఆ మూడు ఎత్తులు మాలో ఎవరికిని కనబడలేదు. ఆ రోజున మేమెవరమును వాటిని చూడలేదు; నవ్వుటకు మాత్రం సిద్ధముగా నుంటిమి.

కళాశాల కార్యవర్గం వారు ప్రతి సంవత్సరము గెలిచినవారికి కప్పులు ఇచ్చుచున్నారు. అద్దాల బీరువాలో చోటు చాలుట లేదు. ఈ సంవత్సరం ఒక కప్పు ధరకు రెండు గడియారములు, ఎత్తులు వ్రాసికొను పుస్తకములు పాతిక కొనియిచ్చిన మేలు. రెండు గడియారముల లోటు వలన మా పిల్లలు పోటీలలో మొదటిసారి గడియారమును చూచి బెదరుచున్నారు. ఇంకొక విన్నపం: వారమునకు ఒక సాయంత్రం, ఓడిన ఆటలను మాత్రమే తిరిగి చూచుటకు గది తెరచి యుంచవలెను. ఆ సాయంత్రం మొదటి గంట ఫోనులు గది వెలుపల ఉండవలెను. రెండవ గంట యంత్రమును అడుగవచ్చును; మేము యంత్రమునకు శత్రువులము కాము. మేము చూచిన ఆ మూడు ఎత్తులు నిజముగా సరియైనవేనా యని తరువాత యంత్రమునే అడిగితిమి. రెండు సరియైనవే. మూడవదానికి దానికంటె మంచి ఎత్తు ఒకటి ఉన్నదని చెప్పినది. ఆ ఎత్తు ఎందుకు మంచిదో మాకింకను తెలియలేదు.

గురువారం సాయంత్రం కళాశాల వదలిన తరువాత ఆ ఆటను 31వ ఎత్తు నుండి మరల పరచదలచినాము. నోటు పుస్తకము బల్ల మీదనే యుండును. నల్లపావుల వైపు కుర్చీలో ఎవరిని కూర్చుండనీయము. అది ఆ ఆట ఆడినవానిది. అతడు వసతి గృహములో రెండవ అంతస్తున ఉండును, ఈ సంచిక అతనికిని అందును. ఆ మూడవ ఎత్తు సంగతి అతనిని అడుగవలసి యున్నది.